తొమ్మిదో నంబరు జెర్సీ మీద మరక

పోయిన అక్టోబరు మొదటి వారంలో నా చేతిలో ఉన్నవి ఇవి: మంచు హాకీ ఆడే మా రింక్‌లో గ్యాలరీ కింద ఉన్న చిన్న గది తాళంచెవి, ఇరవై రెండు పాత ఉన్ని జెర్సీలు, గోడకు తగిలించాల్సిన జట్టు ఫొటోలు నలభై ఒకటి, విరిగిన కర్రల కట్ట, తుప్పు పట్టిన స్కేట్ల పెట్టె, సాస్కటూన్ నగరం నుంచి వచ్చిన ఒక ఉత్తరం. వీటిలో విలువైనవి రెండే. ఒకటి తొమ్మిదో నంబరు జెర్సీ, రెండోది ఆ ఉత్తరం.

నా పేరు ఒరెస్ట్ బోయ్‌చుక్. డన్‌మూర్‌లో నలభై ఏళ్ళుగా పాత సామాను కొట్టు నడుపుతున్నాను. నాకు అమ్మడం కన్నా మార్పిడి ఇష్టం. ట్రాక్టరు చక్రాలు ఇచ్చి పియానో తీసుకున్నాను. ఆ పియానో చర్చికి ఇచ్చి వాళ్ళ పాత బల్లలు తెచ్చుకున్నాను. ఆ బల్లల మీదే ఇప్పుడు రింక్‌లో జనం కూర్చుంటున్నారు. అందుకే పాత వస్తువులన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన గది పెడదామని ఊరు అనుకున్నప్పుడు తాళంచెవి నాకిచ్చారు. ఏది ఉంచాలో, ఏది వదులుకోవాలో నాకు తెలుసని అందరి నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఉత్తరం రాసింది డెస్మండ్ రాస్. సాస్కటూన్‌లో అతనికి పెద్ద భోజనశాల, దాని వెనక సొంత రింక్ ఉన్నాయి. తొమ్మిదో నంబరు జెర్సీ ఇస్తే, తాను మార్చేస్తున్న మంచు బండిని మాకు ఇస్తానన్నాడు. మంచు మీద తిరుగుతూ గీకి, వేడినీళ్ళు పరిచి నునుపు చేసే బండి అది. మాది మార్చిలోనే చచ్చింది. డిసెంబరు ఒకటికల్లా బండి లేకపోతే ఈ ఏడు మా జట్టు సొంత ఊళ్ళో ఆడే ఆటలన్నీ పక్క ఊరు హార్ట్‌వెల్‌కి మార్చేస్తామని లీగు వాళ్ళు ఖచ్చితంగా చెప్పారు. హార్ట్‌వెల్ అంటే మాకు పడదు. దానికి కారణం కూడా ఆ జెర్సీయే.

మా బ్యాడ్జర్స్ జట్టులో జీతం తీసుకున్నవాడు ఏనాడూ లేడు. గోధుమ రైతులు, బడి పంతుళ్ళు, ధాన్యం గిడ్డంగి కూలీలు. వాళ్ళు జిల్లా కప్పు గెలిచింది ఒక్కసారే, పంతొమ్మిది వందల యాభై ఎనిమిది మార్చిలో, హార్ట్‌వెల్ మీద, మా రింక్‌లోనే. ఆఖరి పది నిమిషాల్లో హార్ట్‌వెల్ ఆటగాడు మెల్విన్ కార్ మా కెప్టెన్ ఆర్విడ్ టోలెఫ్‌సన్‌ని కర్రతో కనుబొమ్మ మీద కొట్టాడు. నెత్తురు ముఖమంతా కారి తెల్ల జెర్సీ ఛాతీని తడిపేసింది. ఆర్విడ్ తుడుచుకుని మళ్ళీ మంచు మీదికి వెళ్ళి గెలుపు గోలు కొట్టాడు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నా రెండు కళ్ళతో చూశాను. ఆ మాట కొట్టుకి వచ్చిన ప్రతి కొత్తవాడికీ చెప్పాను. ఆ జెర్సీ ఉతక్కుండా అప్పట్నుంచీ రింక్ వాకిట్లో అద్దాల పెట్టెలోనే ఉంది.

ఆ తరవాత ఆర్విడ్ తాగుడులో పడిపోయాడని ఊళ్ళో అనేవాళ్ళు. ధాన్యం గిడ్డంగిలో నిచ్చెన ఎక్కలేక అక్కడి పని మానేశాడు. నడివీధిలో గోడ పట్టుకుని నడిచేవాడు. నలభై రెండేళ్ళకే పోయాడు. వాకిట్లో వీరుడు, వీధిలో తాగుబోతు. రెండూ ఒక మనిషికే ఎలా అతికాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

గది తెరిచే ముందు జెర్సీలకు పురుగు కొట్టిన చిల్లులు పూడ్చాలి. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఏ ఇంటివాడు వేసుకున్న జెర్సీని ఆ ఇంటి ఆడవాళ్ళే కుడతారు. ఇరవై ఒకటి అలా పంచాను. తొమ్మిదో నంబరు మాత్రం ఇవ్వడానికి మనసొప్పలేదు. కానీ దాని మెడపట్టీ దగ్గర కూడా చిల్లు పడింది. రాస్ చూస్తే వంక పెడతాడు. చివరికి దాన్ని ఆర్విడ్ భార్య వెర్నా చేతిలో పెట్టాను. ఆమెకు ఎనభై ఏళ్ళు. నాకు నాలుగో తరగతిలో లెక్కలు చెప్పింది. ఇప్పటికీ ఆమెను పేరు పెట్టి పిలవలేను.

"మిసెస్ టోలెఫ్‌సన్, రెండు కుట్లు చాలు. నీళ్ళు మాత్రం తగలనివ్వద్దు," అన్నాను.

"ఊఁ," అంది.

ఆ ఊఁ అంటే సరే అని లెక్కేసుకోవడం నా తప్పు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కొట్టుకి వచ్చింది. ఒక చేతిలో కాగితం సంచి, ఇంకో చేతిలో మూత బిగించిన గాజు సీసా. సంచిలోంచి జెర్సీ తీసి బల్ల మీద పరిచింది. ఛాతీ తెల్లగా ఉంది. లేత గులాబీ ఛాయ తప్ప ఏమీ లేదు. కాసేపు నేను వేరే జెర్సీ అనుకున్నాను. వెనక్కి తిప్పి అంకె చూశాను. తొమ్మిదే.

"ఏం చేశారు మీరు?"

"ఉతికాను."

"నీళ్ళు తగలనివ్వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. చెప్పింది వినే వయసు నాకు దాటిపోయింది నాయనా."

"యాభై ఏళ్ళ మరక అది! ఊరు ఊరంతా..."

"ఊరిదా? మా ఆయనది కాదూ?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బుధవారం రాస్ వస్తున్నాడు, ట్రెయిలర్ మీద బండి వేసుకుని. ఏం చూపించాలి? ఆమె మాత్రం నిలబడే ఉంది, తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి చూసినట్టు నన్ను చూస్తూ.

"అరుపులయ్యాయా? అయితే ఇది చూడు." సీసా ముందుకు తోసింది. "మొదటి నీళ్ళు పారబొయ్యలేదు. పాత సామాను మనిషివి కదా, ఇదేంటో చెప్పు."

సీసా కిటికీ వెలుగులో పట్టుకున్నాను. చోక్‌చెర్రీ పళ్ళ పానకంలా ఎర్రగా ఉంది. అడుగున మెత్తటి ఎర్ర పొడి పేరుకుంది. కదిపితే లేచి మళ్ళీ నెమ్మదిగా దిగింది.

నా వ్యాపారంలో నెత్తురు మరకలు ఎన్ని చూశానో లెక్కలేదు. యుద్ధం నుంచి వచ్చిన కోట్లు, పురుడు పోసిన పరుపులు, కసాయి ఏప్రన్లు. నెత్తురు ఏడాదికే గోధుమరంగుకి తిరుగుతుంది. పదేళ్ళకి టీ డికాషన్‌లా అవుతుంది. యాభై ఏళ్ళ నెత్తురు ఎక్కడా ఎర్రగా ఉండదు, నీళ్ళలో పొడిగా అడుక్కి దిగదు. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా ఆ అద్దాల పెట్టె ముందు నుంచి వారానికి రెండుసార్లు నడిచాను. ఎర్రటి మరక చూశాను. ఒక్కసారైనా అది ఎర్రగా ఎందుకుందని అనుకోలేదు.

"రంగు," అన్నాను.

"నేనూ అదే అనుకున్నా. ఇంకా అయిపోలేదు. భుజం చూడు."

ఎడమ భుజం మీద, మెడపట్టీ పక్కనుంచి వెనక్కి జారిన గోధుమరంగు చారలు మూడు. అరచేతిలో పట్టేంత. అవి ఉతుకులో పోలేదు. అది నిజమైన నెత్తురని వేలితో తాకకుండానే తెలిసింది.

"కనుబొమ్మ పగిలితే ఇక్కడికెలా వచ్చింది?" అన్నాను.

"కనుబొమ్మ పగల్లేదు. ఆ రాత్రి ఆ ముఖం కడిగింది నేను. గీత కూడా లేదు. చెవిలోంచి కారింది. తెల్లారేసరికి ఆ చెవి వినపడటం మానేసింది. నెలకల్లా నేల తిరగడం మొదలైంది. బీరు వాసన పడని మనిషిని తాగుబోతన్నారు. చెవి, చెవి అని ఎంతమందికి చెప్పాను. నీకూ చెప్పాను. డెబ్బై ఒకటిలో, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. లేదని చెబుదామనిపించింది. ఆర్విడ్ చనిపోయిన ఏడు ఆమె ఆయన స్కేట్లు అమ్మడానికి వచ్చింది. అప్పుడు చెవి మాట ఎత్తింది. నేను ఇలా అన్నాను: "మిసెస్ టోలెఫ్‌సన్, బాధలో ఉన్నారు, ఏవేవో అనిపిస్తాయి. నేనక్కడే ఉన్నాను. నా కళ్ళతో చూశాను."

ఏం చూశాను నేను? ఆ బల్ల ముందు కూర్చుని నా జ్ఞాపకాన్ని తిరగేశాను. మార్చి నెల, బయట మంచు కరగడం మొదలైంది, రింక్ లోపల పొగమంచు లేచింది. గ్యాలరీలోంచి ఎదుటి గోడ కూడా కనిపించలేదు. ఆర్విడ్ పడ్డాడు అన్న అరుపు విన్నాను. తరవాత గోలు అన్న అరుపు విన్నాను. ఛాతీ మీద ఎర్ర మరక ఉన్న కెప్టెన్ నా కళ్ళముందు ఎంత స్పష్టంగా ఉన్నాడంటే, బొత్తాలు లెక్కపెట్టగలను. జెర్సీకి బొత్తాలు ఉండవు. అవి అద్దాల పెట్టె వెనక నిలబెట్టిన చెక్కబొమ్మ కోటుకి ఉన్నాయి.

వెంటనే ఎల్మర్ డైక్‌కి ఫోన్ చేశాను. పంతొమ్మిది వందల యాభై ఆరు నుంచి మా రింక్‌లో మంచు వేసేది అతనే. నీళ్ళు పోసి గడ్డకట్టించడం, గీతలకు రంగు వెయ్యడం, పైన మళ్ళీ నీళ్ళు పొయ్యడం అంతా అతని చేతి మీదే. ఆ అద్దాల పెట్టె తాళం కూడా అతని దగ్గరే ఉండేది. పది నిమిషాల్లో వచ్చాడు. బల్ల మీద తెల్ల జెర్సీ చూశాడు, సీసా చూశాడు, టోపీ తీశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"డెబ్బై మూడో, నాలుగో. మాసిపోయింది ఒరెస్ట్. బడిపిల్లలు వచ్చి నెత్తురేది, నెత్తురేది అని ఒకటే గోల. మంచు మీద ఎర్రగీత గీశాక డబ్బాలో కాస్త మిగిలేది. కుంచె కడిగే ముందు అలా..."

"ఒక్కసారేనా?"

"రెండేళ్ళకోసారి."

"రెండేళ్ళకోసారా!"

"మరి పోతుంటే ఏం చెయ్యను? నువ్వే కదా జనాన్ని వెంటబెట్టుకొచ్చి, చూడండి ఇంకా ఎంత ఎర్రగా ఉందో అనేవాడివి!"

నేను సీసా బల్ల చివరికి జరిపాను.

"ఛాతీ మీద ఎందుకు వేశావు ఎల్మర్?" వెర్నా అడిగింది. గొంతు పెంచలేదు. "అసలు మరక భుజం మీదుంటే?"

"కనుబొమ్మ పగిలితే ముందుకే కదా కారేది."

"కనుబొమ్మ అన్నదెవరు? మొట్టమొదట ఆ మాట అన్నదెవరు?"

ఎల్మర్ టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ గుమ్మం వైపు చూశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

"పైకప్పు కారే చోటుంది కదా, మన బెంచీ ఎదురుగా. బొట్టు బొట్టుగా పడి కుప్పలా గడ్డకట్టేది. ఆట ముందు గీకాలి. ఆరోజు జనం తొందరగా వచ్చేశారు. గీకలేదు. ఆర్విడ్ స్కేటు దానికి తగిలింది. ఒక్కడే పడ్డాడు వెర్నా. తల చెక్కగోడకి కొట్టుకుంది. చుట్టుపక్కల హార్ట్‌వెల్ వాడు ఒక్కడూ లేడు. బెంచీ తలుపు దగ్గర నేనున్నా. చెవికి తువ్వాలు అదిమా. ఏమైందిరా అని వెనకనుంచి అరిచారు. కార్ గాడు కర్రతో కనుబొమ్మ పగలగొట్టాడు అన్నాను. నోటికొచ్చేసింది. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది. అప్పటికే అందరూ చూశామంటున్నారు."

"మళ్ళీ మంచు మీదికి పంపిందెవరు?"

"పంపలేదు. తనే లేచాడు. తలుపు నేనే తీశాను."

వెర్నా అతన్ని తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. కోటు గుండీలు కింది నుంచి పైదాకా ఒక్కొక్కటే పెట్టుకుంది. గుమ్మం దగ్గర తిరిగి నాతో అంది: "గదిలో దీనికింద అట్ట పెడతావు కదా. దాని మీద చెవి అని రాయి. ఇంకేం వద్దు నాకు."

ఆమె వెళ్ళాక ఎల్మర్ నెమ్మదిగా అన్నాడు: "బుధవారం కదా అతనొచ్చేది? రంగు డబ్బా ఉంది. ఒక్క పూటలో ఆరిపోతుంది. బండి వచ్చాక నీ ఇష్టం వచ్చింది రాసుకో."

నిజం చెప్పాలంటే, ఒక కప్పు కాఫీ తాగినంతసేపు నేను ఆలోచించాను. ఒక వైపు బండి, సొంత ఊళ్ళో తొమ్మిది ఆటలు, ఆటరోజు రింక్ వంటగదిలో బంగాళదుంప కూరిన పెరోగీలు చేసి అమ్మే ఆడవాళ్ళ పని, శనివారాలు ఊరికంతటికీ పోవడానికి ఉన్న ఒకే ఒక్క చోటు. ఇంకో వైపు ఒక్క మాట. లెక్క ఎటు మొగ్గుతుందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. కానీ రాస్ పాత వస్తువులు ఎరిగినవాడు, పరీక్ష చేయిస్తాడు, దొరికిపోతే నా కొట్టు మూసుకోవాలి. అందుకే నిజం చెబుదామనుకున్నాను. నాకు ఆ నిర్ణయం భయంవల్లే వచ్చింది, మంచితనంవల్ల కాదు. భుజం మీది అసలు మరక చూపిస్తే, నిజమైన సరుకు కాబట్టి తీసుకుంటాడేమోనన్న ఆశ కూడా ఉంది.

బుధవారం రాస్ వచ్చాడు. కిటికీలోంచి ట్రెయిలర్ మీద బండి కనిపిస్తోంది, నీలిరంగుది, నేను ఊహించినదానికన్నా మంచిది. జెర్సీ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. అతను ముఖం చిట్లిస్తాడని చూశాను. చిట్లించలేదు.

"అయితే రంగంతా పోయిందా? అయ్యో," అన్నాడు.

"రంగని మీకు తెలుసా?"

"మీ ఊరి పాత ఫొటోలన్నీ తెప్పించి చూశానండీ. పదేళ్ళకోసారి మరక పెద్దదవుతోంది. ఎండిన నెత్తురు పెరుగుతుందా?" నవ్వాడు. "దాంతో నాకేం పని? దూరంనుంచి ఎర్రగా కనపడాలి. భోజనం చేస్తూ జనం తలెత్తి చూడాలి. మీ మంచు ఆయన ఉన్నాడుగా, మళ్ళీ వేయించండి. బండి ఇప్పుడే దించేస్తా. అట్ట మీద కర్రదెబ్బ, కనుబొమ్మ అనే ఉండాలి. చెవి అంటే తింటున్నవాళ్ళకి బాగోదు."

ఆదివారం నుంచి నేను చాలా విన్నాను. అయినా ఈ మాటకి మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. నేను భయపడ్డ నష్టం అసలు లేనే లేదు. పరీక్షా లేదు, పరువూ పోదు. ఎల్మర్‌కి ఒక పూట పని, అంతే. నలభై ఏళ్ళలో ఇంత తేలికైన బేరం నా ముందుకు రాలేదు.

"ఏమంటారు?" అన్నాడు రాస్, చేతి తొడుగు విప్పుతూ.

బేరంలో ఇచ్చేది నాదై ఉండాలి. అది ఈ వ్యాపారంలో నేను మొదటిరోజు నేర్చుకున్న సంగతి. జెర్సీ ఊరిది, ఊరి తరఫున ఇవ్వొచ్చు. కానీ అతను అడుగుతున్నది జెర్సీ కాదు. ఒక మనిషి పదమూడేళ్ళు గోడ పట్టుకుని నడిచిన కారణాన్ని మళ్ళీ మూసి పెట్టమంటున్నాడు. అది నాది కాదు. డెబ్బై ఒకటిలో, ఇదే బల్ల దగ్గర, నాది కానిదాన్ని ఒకసారి తీసేసుకున్నాను.

"బండి దించకండి," అన్నాను.

"పిచ్చిపని చేస్తున్నారు."

"కావచ్చు. కాఫీ తాగి వెళ్ళండి."

తాగకుండానే వెళ్ళాడు. ఎల్మర్ వీధి చివర నిలబడి ఆ ట్రెయిలర్ కనుమరుగయ్యేదాకా చూశాడు. తరవాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

నవంబరులో గది తెరిచాం. అట్ట నేనే రాశాను, వెర్నా చదివి ఒక వాక్యం కొట్టేయించింది. మెల్విన్ కార్ కొట్టలేదు అని కూడా అందులోనే రాశాను. డిసెంబరులో లీగు వాళ్ళు అన్నంత పనీ చేశారు. మొదటి ఆటకి హార్ట్‌వెల్ వెళ్ళినప్పుడు, వాళ్ళ రింక్ వంటగది ముందు నిలబడి మెల్విన్ కొట్టలేదని గట్టిగా చెప్పాను. కాఫీ పోస్తున్న ముసలామె చెయ్యి ఆగిపోయింది. ఆమె మెల్విన్ చెల్లెలట. "మా అన్న పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడా చెప్పేది?" అంది. నా కప్పులో కాఫీ పొయ్యలేదు. నేను అడగలేదు.

ఈ చలికాలం ముగిసేనాటికి లెక్క ఇది. పోయినవి: ఒక మంచు బండి, సొంత ఊళ్ళో తొమ్మిది ఆటలు, ఊరు యాభై ఏళ్ళు చెప్పుకున్న ఒక కథ, అందులో నా కళ్ళతో చూశానన్న వాటా. మా మంచుని ఎల్మర్ పీపాతో వేడినీళ్ళు లాగి, గోనెపట్టాతో రుద్ది, చేత్తోనే నునుపు చేస్తున్నాడు. పిల్లలు దాని మీదే ఆడుతున్నారు. వచ్చినవి: తెల్ల జెర్సీ ఒకటి, దాని భుజం మీద గోధుమరంగు చారలు మూడు, ఏడు వాక్యాల అట్ట ఒకటి. ఫిబ్రవరిలో మంగలి దుకాణంలో ఒకడు ఆర్విడ్‌ని తాగుబోతు అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నవాడు, సగం గీసిన గడ్డంతోనే, కాదు అని చెప్పి చెవి సంగతి వివరించాడు. అతనికి చెప్పింది నేను కాదు. వచ్చింది ఇంతే.